నీళ్లకి ఒకటి

పట్టపగలు, పదిమంది చూస్తుండగా, రామతీర్థం కొండ మెట్ల దగ్గర కొబ్బరి నీళ్లు తాగుతూ నరసింగరావు కుప్పకూలిపోయాడు. చుట్టూ చేరినవాళ్లు ఎండదెబ్బ అన్నారు. గాలి తగలనివ్వండి అంటూనే గాలి రాకుండా నిలబడ్డారు. వాళ్లను తోసుకుంటూ ఒక టూరిస్టు ముందుకొచ్చాడు. మెడలో కెమెరా, నెత్తిన గుడ్డ టోపీ, చేతిలో బౌద్ధ స్తూపాల మ్యాపు. అతని పేరు బెన్హర్. ఉద్యోగం కేంద్ర నిఘా బ్యూరోలో సీక్రెట్ ఏజెంట్. స్తూపాల మీద అతనికి ఏ ఆసక్తీ లేదు. వచ్చింది నరసింగరావు కోసమే.

శ్రీకాకుళం తీరంలో నాగావళి ఫైన్‌కెమ్ అనే మందుల ఫ్యాక్టరీ ఉంది. నరసింగరావు అక్కడ ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు. ఫ్యాక్టరీ కంప్యూటర్లో ఎవరో చెయ్యి పెట్టారని, ఫోన్లో చెప్పే మాట కాదని, గుడి దగ్గరికి రమ్మని బ్యూరోకి కబురు పెట్టింది ఆయనే. ఇప్పుడు పెదాలు నీలంగా మారిపోయి, బెన్హర్ చొక్కా పట్టుకుని రెండే ముక్కలు చెప్పగలిగాడు.

“ఆళ్లు అంకె ముట్టుకోనేదు బాబూ. లెక్కలో... నీళ్లు వేడెక్కడం నేదు.”

ఆ తర్వాత పట్టు సడలిపోయింది. బొండాలు కొట్టేవాడు బెదిరిపోయి తన తప్పేం లేదన్నాడు. ఆ బొండం ఎవరో నల్లద్దాలు పెట్టుకున్న పట్టుచీరావిడ కొని, నవ్వుతూ ఆయన చేతికిచ్చిందట. ఆవిడ ఎటు వెళ్లిందో ఎవరూ చూడలేదు.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. బెన్హర్ చెల్లెలు బేబీ. నెల్లిమర్లలో ఇంట్లో ఏసీ నీళ్లు కారుతోందని ఆమె చాలా రోజులుగా పోరుతోంది. ఇంట్లోవాళ్లకి తెలిసినంతవరకు బెన్హర్ ఫ్యాక్టరీల్లో నీళ్లు చల్లబరిచే చిల్లర్లూ, ఏసీలూ చూసే సర్వీస్ ఇంజనీరు. అతను ఫోన్ కట్ చేసి, స్క్రీన్ మీద ఆ పేరు ఆరిపోయేదాకా చూస్తూ ఉండిపోయాడు. బేబీ పనిచేసేది కూడా నాగావళి ఫైన్‌కెమ్‌లోనే. ఎవరో చెయ్యి పెట్టారన్న కంప్యూటర్ ముందే.

*

విజయనగరం బజార్లో ఒక లేడీస్ టైలరింగ్ సెంటర్ ఉంది. కుట్టుపని నిజంగానే నేర్పుతారు, బాగానే నేర్పుతారు. బెన్హర్ కౌంటర్ దగ్గర నిలబడ్డాడు.

“జాకెట్టు కుట్టాల.”

“గుడ్డ తెచ్చినావా?”

“గుడ్డ నేదు. కొలతే ఉన్నాది.”

కోడ్ సరిపోయింది. వెనక గది తలుపు తెరుచుకుంది. లోపల బ్యూరో ఉత్తరాంధ్ర చీఫ్ లక్ష్మీనరసమ్మ కూర్చుని ఉంది. వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి. ఢిల్లీ వాళ్లతో వీడియో కాన్ఫరెన్స్‌లో కూడా తన యాస మార్చుకోదు. అర్థం కాకపోతే వాళ్లే నేర్చుకుంటారంటుంది.

బ్రీఫింగ్ ఎప్పట్లాగే ముక్తసరిగా సాగింది. ఎదుటి పక్షం ‘గ్లేసియర్’ అనే విదేశీ ముఠా. ఇంతకాలం ఒక గుండె మందుకి కావలసిన ముడిసరుకు బయటి దేశం నుంచే వచ్చేది. నాగావళి ఇప్పుడు దాన్ని ఇక్కడే తయారు చెయ్యబోతోంది. మొదటి బ్యాచ్‌లోనే ఫ్యాక్టరీ పేలిపోవాలన్నది గ్లేసియర్ పథకం.

“బాంబు పెడితే, ఎవుడు పెట్టినాడని దేశమంతా అడుగుతాది,” అంది లక్ష్మీనరసమ్మ. “తప్పు లెక్క పెడితే, ఏ ఆపరేటర్ సేసినాడని అడుగుతారంతే. ఆ ఆపరేటర్ పేరు కూడా ఆళ్లే ఎంచి పెట్టుకున్నారు.”

“ఎవరు?”

ఆమె లాప్‌టాప్ ఇటు తిప్పింది. ఐడీ కార్డు ఫొటోలో బేబీ నవ్వుతోంది.

బెన్హర్‌కి పథకం మొత్తం కనిపించింది. పేలుడులో బేబీ పోతుంది. పోయాక, అంతమందిని చంపిన మనిషిగా ఆమె పేరు మిగిలిపోతుంది. తండ్రి ఆదాము ప్రతి ఆదివారం చర్చి ముందు వరసలో కూర్చుంటాడు. ఆ తర్వాత ఆయన అక్కడ ఎలా కూర్చుంటాడు?

బెన్హర్ బ్యాచ్ ఆపించెయ్యమన్నాడు. లక్ష్మీనరసమ్మ తల అడ్డంగా ఊపింది. ఆపితే కంప్యూటర్లో దూరిన ఈ పురుగు ఇంకో ఫ్యాక్టరీలో తేలుతుందని, అక్కడ తమకి కబురు పెట్టే నరసింగరావు ఉండకపోవచ్చని అంది. లోపలున్న ముఠా మనిషి ఎవడో తేలాలి. బ్యాచ్ నడవాలి, పేలకూడదు. పేలకపోతే వాడే కంగారుపడి బయటపడతాడు.

“మా సెల్లెల్ని ఎరేసి చేప పడతారన్నమాట.”

“నీకు కోపం రావాల. నాకూ వస్తన్నాది. అయినా ఆపను. ఆ పిల్లకి ముందుగా ఒక్క ముక్క సెప్పినా ఆళ్లు పసిగడతారు.”

ఆ క్షణంలో బెన్హర్ ఆమెను అసహ్యించుకున్నాడు. ఆమె చెప్పింది నిజం కావడం అతన్ని ఇంకా ఎక్కువ బాధపెట్టింది. రాజీనామా అన్న మాట నాలుకదాకా వచ్చింది. కానీ తను తప్పుకుంటే బేబీ పక్కన ఇంకెవరూ ఉండరు. మింగేశాడు.

చనిపోయిన మనిషి మాటలు మాత్రం అతనికి అప్పటికే అర్థమయ్యాయి. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివింది వృథా పోలేదు. ఏ సరుకునైనా, ఒక కిలోని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో చెప్పే అంకె ఒకటుంటుంది. విశిష్టోష్ణం. నీళ్లకి అది కిలోకేలరీల్లో కొలిస్తే ఒకటి, కిలోజౌళ్లలో కొలిస్తే నాలుగు పాయింట్ ఒకటి ఎనిమిది. నీళ్లు అవే, వేడీ అదే. కొలత మారితే అంకె మారుతుంది.

నాగావళి స్క్రీన్ కిలోజౌళ్లలో అడుగుతుంది. ఈ బ్యాచ్ సరుకుకి కొట్టాల్సింది రెండు. ఎవరో అంకె జోలికి పోకుండా లోపలి కొలత మార్చేశారు. పైన లేబుల్ మాత్రం అలాగే ఉంచారు. అప్పుడు కంప్యూటర్ ఆ రెండుని చూసి, ఈ సరుకు ఎన్నో ఇంతల వేడిని మింగి కూర్చోగలదని నమ్ముతుంది. తాపీగా ఉంటుంది. చల్లటి నీళ్లు వదలాల్సిన వేళకి వదలదు. ఈలోగా రియాక్టర్ పేలిపోతుంది.

“మరి లోపల ఏ కొలత పెట్టినారు?” అంది లక్ష్మీనరసమ్మ.

అది చెప్పగలిగింది ఒక్క మనిషే.

*

రాజకుమారి సింగపూర్ నుంచి వచ్చిన ప్రాసెస్ సేఫ్టీ కన్సల్టెంట్. గ్లేసియర్ ఆమెకి జీతమిస్తుంది. బ్యూరో కూడా ఇస్తుంది. రెండువైపులా ఆమె తమ మనిషే అనుకుంటారు. ఎచ్చెర్లలో ఇంజనీరింగ్ పిల్లలకి ఉపన్యాసమిచ్చి, కాలేజీ క్యాంటీన్‌లో ఒక్కర్తే కూర్చుని కాఫీ తాగుతోంది. నల్లద్దాలు. నెమలికంఠం రంగు పట్టుచీర. క్యాంటీన్లో సగం మంది టిఫిన్ మానేసి ఆమెనే చూస్తున్నారు.

బెన్హర్ కూడా ఆ అద్దాలనే చూశాడు. వెళ్లి ఆమె ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

“సముద్రం ఎలా ఉంది?” అంది ఆమె. అది కోడ్.

“గాలి ఆగింది, అలలు ఆగలేదు. మీరు నిన్న రామతీర్థం వెళ్లారా?”

రెండో మాట కోడ్‌లో లేదు. ఆమె చెంచాతో కాఫీ కలిపింది, చక్కెర వేసుకోకపోయినా.

“మీకు కావలసింది యూనిట్. బీటీయూ. పౌండు, ఫారన్‌హీట్. ప్రోగ్రామర్ అమెరికాలో చదివినవాడు, చేతికి అలవాటైంది పెట్టేశాడు. ఎమర్జెన్సీ వాల్వ్ కూడా బిగించేశారు. బ్యాచ్ మొదలయ్యాక స్టాప్ బటన్ పనిచెయ్యదు. పేలగానే కొలత మళ్లీ కిలోజౌళ్లకి మారిపోతుంది. లాగ్‌లో మిగిలేది మీ చెల్లెలి లాగిన్ ఒక్కటే.”

“లోపలున్న మనిషి ఎవరు?”

“నాకు చెప్పలేదు. నిజంగా చెప్పలేదు.”

ఆ ‘నిజంగా’ అన్న మాటే అతనికి నచ్చలేదు.

ఫ్యాక్టరీ వైపు హైవే మీద కారు నడుపుతుండగా చెవిలో దాచిన ఇయర్‌పీస్ గురగురలాడింది. ఢిల్లీ టెక్నికల్ సెల్ నుంచి పృథ్వీరాజ్. విజయనగరం పేరు వింటేనే జాలిపడే గొంతు. బెన్హర్ పంపిన బీటీయూకి లెక్క కట్టేశామని, రెండు బదులు సున్నా పాయింట్ ఎనిమిది ఆరు కొట్టించమని చెప్పాడు. బెన్హర్ నోటితోనే లెక్క వేశాడు. బీటీయూని జౌళ్లలోకి మార్చారు, బాగుంది. పౌండుని కిలోలోకి మార్చారు, అదీ బాగుంది. ఫారన్‌హీట్ డిగ్రీ సెల్సియస్ డిగ్రీకంటే చిన్నది, దాన్ని మార్చడం మర్చిపోయారు.

“అసలు లెక్కే అక్కర్లేదు సార్,” అన్నాడు. “కేలరీ అయినా బీటీయూ అయినా పుట్టింది నీళ్లతోనే. పౌండు నీళ్లు ఒక ఫారన్‌హీట్ డిగ్రీ ఎక్కడానికి ఒక బీటీయూ. కిలో నీళ్లు ఒక సెల్సియస్ డిగ్రీ ఎక్కడానికి ఒక కిలోకేలరీ. రెంట్లోనూ నీళ్లకి ఒకటే. మన సరుకు నీళ్లలో సగంకంటే కాస్త తక్కువ. సున్నా పాయింట్ నాలుగు ఎనిమిది.”

పృథ్వీరాజ్ ఒప్పుకోలేదు. సాఫ్ట్‌వేర్ తప్పు చెయ్యదన్నాడు.

బెన్హర్‌ని భయపెట్టింది పృథ్వీరాజ్ కాదు, రాజకుమారి. ఆమె అబద్ధం చెప్పి ఉంటే? కంప్యూటర్ నిజంగా కిలోజౌళ్లలోనే ఉండి, తను వెళ్లి సున్నా పాయింట్ నాలుగు ఎనిమిది కొట్టిస్తే? అప్పుడు యంత్రం భయపడిపోయి రియాక్టర్‌ని అతిగా చల్లబరుస్తుంది. చల్లగా ఉన్నంతసేపూ పోసిన మందులు చర్య జరక్కుండా పోగుపడి, ఒక్కసారిగా అంటుకుంటాయి. అలా అయినా పేలుడే. చేతిలో మూడు అంకెలున్నాయి, సరైనది ఒక్కటే. చెల్లెలూ ఒక్కతే.

*

ఈసారి మారువేషం అక్కర్లేకపోయింది. ఇన్నేళ్లుగా ఇంట్లో వేసుకున్న వేషమే సరిపోయింది. చిల్లర్ సర్వీస్ ఇంజనీరు బెన్హర్, టూల్ బ్యాగుతో, నీలం యూనిఫాంతో గేటు దాటాడు. జేబులో బ్యూరో ఇచ్చిన పెన్ను. దూరం నుంచి గురిపెడితే దేని వేడైనా చెబుతుంది.

రియాక్టర్ షెడ్డు దాటుతుండగా అతని అడుగు ఆగిపోయింది. పైపుల్లో మందు పారుతున్న చప్పుడు. బ్యాచ్ మధ్యాహ్నం మొదలవ్వాలి. ఎవరో పొద్దున్నే మొదలుపెట్టించేశారు. రియాక్టర్ మూతకి పసుపు బొట్లు, పక్కన ఎండని నీటి తడి. పెన్ను గురిపెట్టి చూశాడు. ఉండాల్సిన దానికంటే బాగా వేడిగా ఉంది. కంట్రోల్ రూమ్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

లోపల బేబీ స్క్రీన్ ముందు బిగుసుకుని కూర్చుంది. ఆమె భుజం వెనక ధర్మేంద్ర నిలబడ్డాడు. కంప్యూటర్ సప్లై చేసిన కంపెనీ మనిషి. తెల్లచొక్కా, మెత్తటి మాట. నడుముకి గ్యాస్ మాస్క్ వేలాడుతోంది. ఆ గదిలో ఇంకెవరి దగ్గరా మాస్క్ లేదు. లోపలి మనిషి ఎవడో బెన్హర్‌కి అప్పుడే తెలిసిపోయింది. తెలిసినా రియాక్టర్ చల్లబడదు.

స్క్రీన్ మీద రెండు గీతలున్నాయి. ఆకుపచ్చది కంప్యూటర్ లెక్క ప్రకారం ఉండాల్సిన వేడి. ఎర్రది నిజం వేడి. ఆకుపచ్చ గీత నిద్రపోతోంది. ఎర్ర గీత పైకి లేస్తోంది.

“సెన్సార్ పాడైంది, ఎర్రగీత పట్టించుకోకండి,” అంటున్నాడు ధర్మేంద్ర. “మాన్యువల్ ప్రకారం రెండు కొట్టారు. సిస్టమ్ చూసుకుంటుంది.”

“సెన్సార్ బాగానే ఉన్నాది బేబీ,” అన్నాడు బెన్హర్. “ఇప్పుడే సూసొచ్చినాను. రియాక్టర్ కాలిపోతన్నాది.”

బేబీ గిర్రున తిరిగింది. ఏసీ బాగుచెయ్యడానికి రాని అన్న ఇక్కడ ప్రత్యక్షమైనందుకు ఆశ్చర్యపోయే తీరిక ఆమెకి లేదు. మందు పోత ఆపానని, ఆగలేదని, కూలింగ్ చేత్తో తెరవబోతే తెరుచుకోలేదని గబగబా చెప్పింది. చెవిలో పృథ్వీరాజ్, పాయింట్ ఎనిమిది ఆరు, పాయింట్ ఎనిమిది ఆరు అని జపం చేస్తున్నాడు. రాజకుమారి నల్లద్దాలు బెన్హర్ కళ్ల ముందు ఆడాయి. ఎవర్ని నమ్మాలి?

అప్పుడు అతనికి రియాక్టర్ మూత మీద చూసిన పసుపు బొట్లు గుర్తొచ్చాయి.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉందని బేబీ ఎప్పుడో చెప్పింది. చాన్నాళ్లు ఖాళీగా ఉన్న రియాక్టర్లో అసలు సరుకు పోసే ముందు ఉత్త నీళ్లు పోసి ఒకసారి నడిపిస్తారు. దాన్ని గంగ బ్యాచ్ అంటారు. హిందువులు మూతకి పసుపు పూస్తారు, బేబీలాంటివాళ్లు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటారు, ఆ తర్వాత నీళ్లు వదులుతారు. మొదలుపెట్టింది నరసింగరావే. అది దండగ పనని ధర్మేంద్ర కంపెనీ ఈమధ్య మాన్పించేసింది.

“బేబీ, గంగ బ్యాచ్ తీసినారా?”

ఆమె ధర్మేంద్ర వైపు ఓరగా చూసింది. “తెల్లారి ఈయన రాకముందే తీసేసినాం. నరసింగరావు మావ పోయాక మొదటి బ్యాచ్ అన్నియ్యా. తియ్యకుండా ఎలగ?”

“నీళ్లకి ఏటి కొట్టినావు?”

బేబీ మొహం ఎర్రబడింది. “తప్పే కొట్టినాను. స్క్రీన్ మీద కిలోజౌల్ అని ఉన్నాది, నాలుగు పాయింట్ ఒకటి ఎనిమిది కొట్టాల. మావ మాకు నేర్పింది కిలోకేలరీలు గదా. నీళ్లకి ఒకటి, నీళ్లకి ఒకటి అని ఆయన రోజూ సెప్పేవోడు. సెయ్యి అలవాటుమీద ఒకటి కొట్టేసినాది.”

“గీతలు?”

“అదే తెల్దు అన్నియ్యా. తప్పు కొట్టినా రెండు గీతలూ ఒకదానిమీదొకటి పడిపోనాయి.”

బెన్హర్ గుండె ఒక్కసారి తేలికపడింది. కిలోజౌళ్ల యంత్రంలో నీళ్లకి ఒకటి కొడితే గీతలు కలవవు. కలిశాయంటే, లోపలి కొలతలో నీళ్ల విలువ ఒకటే. బీటీయూ. రాజకుమారి నిజమే చెప్పింది. ఢిల్లీ తప్పు చెప్పింది. అతను ఇయర్‌పీస్ పీకి పక్కనున్న టీ గ్లాసులో పడేశాడు.

“పాయింట్ నాలుగు ఎనిమిది కొట్టు.”

“వద్దు,” అన్నాడు ధర్మేంద్ర. గొంతులో మెత్తదనం పోయింది. “అమ్మా, లేబుల్ చూడు. నీ లాగిన్‌తో తప్పు అంకె కొడితే జైలుకి పోయేది నువ్వే. ఈ ఏసీ మెకానిక్ మాట వింటావా?”

బేబీ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఎర్ర గీత ప్రమాదం గుర్తుకి ఆనుకుంది. కింద షెడ్డులో ఏదో మూలిగింది. ఆమె అన్న మొహంలోకి చూసింది. చిన్నప్పుడు నెల్లిమర్ల జూట్ మిల్లు సైరన్ మోగినప్పుడల్లా బెదిరిపోయి ఇలాగే చూసేది.

“మావ లెక్కలో మన సరుకుకి అదే వస్తాది. మావ ఏటి సెప్పినాడో అదే సెయ్యి,” అన్నాడు బెన్హర్.

బేబీ కళ్లు మూసుకుని, తెరిచి, పాయింట్ నాలుగు ఎనిమిది కొట్టింది.

ఆకుపచ్చ గీత ఉలిక్కిపడినట్టు లేచి ఎర్ర గీతని కలుసుకుంది. కూలింగ్ వాల్వులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. పైపుల్లో నీళ్ల హోరుకి గది నేల అదిరింది. ఎర్ర గీత కాసేపు మొండికేసింది. ఆ తర్వాత ఒంగింది.

ధర్మేంద్ర చేతిలో సన్నటి సూది మెరిసింది. అది బేబీ మెడ వైపు వెళ్లేలోగా, గుమ్మంలోంచి చిన్న పిస్తోలు అతని చెవికి ఆనింది. నెమలికంఠం రంగు చీర. రాజకుమారి ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు.

“కదలొద్దు ధర్మేంద్ర. ఇది ఇంపోర్టెడ్ చీర కాదు, మరకలు పోవు.”

కొద్దిసేపటికే క్యాంటీన్ సప్లయర్ల వేషంలో ఉన్న బ్యూరో మనుషులు అతన్ని ఇడ్లీ వ్యానులో ఎక్కించి తీసుకుపోయారు.

*

గేటు బయట రాజకుమారి మొదటిసారి అద్దాలు తీసింది. కళ్లు అలసిపోయి ఉన్నాయి.

“ఆ బొండం నేనే ఇచ్చాను,” అంది, అతను అడక్కముందే. “ఆయన్ని తప్పించమని గ్లేసియర్ ఆర్డర్. ఇవ్వకపోతే నా మీద అనుమానం వచ్చేది. అప్పుడు మీకు బీటీయూ అని చెప్పడానికి నేను ఉండేదాన్ని కాదు. ఒకరికి బదులు ఫ్యాక్టరీ పక్కనున్న రెండు ఊళ్లు బతికాయి. మీరైనా అదే లెక్క వేసేవారు.”

బెన్హర్ ఆమె చాచిన చెయ్యి అందుకోలేదు. ఆమెకి తెలిసిన బీటీయూ నరసింగరావుకి తెలియదు. అయినా ఆమె చెప్పింది నిజమని రుజువు చేసింది ఆయన నేర్పిన ఒకటే. ఆయన బతికి ఉంటే, నీళ్లు పోసి నడిపి ఆ కొలత ఏదో ఆయనే తేల్చేవాడు. బ్యూరోకి ఆమె అక్కర్లేకపోయేది. విజయనగరానికి ఫోన్ చేసి, మీకు ముందే తెలుసా అని అడిగాడు. అటువైపు లక్ష్మీనరసమ్మ ఆ ప్రశ్న పక్కన పెట్టేసింది. నరసింగరావు భార్య దాలమ్మకి ఎండదెబ్బ అనే చెప్పాలని, ఆ పని అతనే చెయ్యాలని మాత్రం అంది.

అతను చెప్పాడు. దాలమ్మ నమ్మింది. నమ్మకపోయి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

ఆదివారం చర్చి అయ్యాక నెల్లిమర్ల ఇంట్లో భోజనాలు చేశారు. ఆదాము చేప పులుసు పోసుకుని కొడుకు వైపు, కూతురు వైపు మార్చి మార్చి చూశాడు. గోడ మీది ఏసీ కింద పెట్టిన బక్కెట్‌లో చుక్కలు పడుతున్నాయి. బేబీ చెయ్యి కడుక్కుని వచ్చి అన్న పక్కన కూర్చుంది.

“అన్నియ్యా, నరసింగరావు మావ ఎలగ పోనాడు?”

“ఎండదెబ్బ,” అన్నాడు బెన్హర్. ఆమె మొహంలోకి చూడలేక బక్కెట్ వైపు చూశాడు.

బేబీ కూడా బక్కెట్ వైపు చూసింది. ఇంకో చుక్క పడింది.

“సర్లే. నువ్వు సెప్పలేవు, నేను అడగను,” అంది. “కానీ ఆ ఏసీకి మాత్రం రేపు ఎవరినైనా నిజం మెకానిక్‌ని పంపు.”